అమ్మ పేరున నోటీసు

ఇల్లు కొనేటప్పుడు గోడలు చూడకు, గోడల మధ్య ఎవరున్నారో చూడు అన్నాడు మా బావమరిది ఈవాన్. అక్టోబరు నెల. మా వంటింట్లో కూర్చుని మా బీరే తాగుతూ అన్నాడు.

అతని మాట తప్పు కాదు. మాంట్రియల్లో ఇంటి ధర ఇటుకల్ని బట్టి ఉండదు. లోపల ఎవరు, ఎన్నాళ్ళుగా, ఎంత అద్దెకి ఉంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. పాత అద్దెదారు ఉన్న ఇల్లు చవక. ఆ మనిషిని ఊరికే పొమ్మనడానికి లేదు, అద్దె ఇష్టమొచ్చినట్టు పెంచడానికీ లేదు. విలెరే పేటలో ఆ మూడంతస్తుల ఇల్లు మాకు నాలుగు లక్షల పది వేలకి దొరికిందంటే, కింది వాటాలో ఫెర్నాండ్ లషపెల్ అనే ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఉండబట్టే. ఆవిడ కట్టే అద్దె నాలుగు వందల ఇరవై డాలర్లు.

ఈవాన్ నా యూనియన్ కరపత్రం ఒకటి వెనక్కి తిప్పి లెక్క వేశాడు. బ్యాంకు వాయిదా. మునిసిపాలిటీ పన్ను. బడి పన్ను. బీమా. మంచు తీయించడం. మరమ్మతులకి ఎంతో కొంత. ఏడాదిలో ఒక నెల ఏదో ఒక వాటా ఖాళీగా ఉంటుందని దానికి కొంత. మూడు వాటాల అద్దెలూ కలిపి పక్కన వేసి, గీత గీసి, తీసేశాడు.

"నెలకి ఆరు వందల ముప్ఫై తక్కువొస్తోంది" అన్నాడు.

"ఎక్కణ్ణించి తెస్తాం?" అంది నా భార్య జినెత్. తను పనిచేసిన బిస్కెట్ల ఫ్యాక్టరీ మూసేసినప్పుడు తనకి ఇచ్చిన నలభై ఆరు వేలూ ఈ ఇంట్లోకే పోతున్నాయి. మిగతాది నేను ఇరవై ఏళ్ళు దాచింది. అంతకు మించి మాకేమీ లేదు. నేను పనిచేసే బస్సు గారేజీలో నా పింఛను ఉంటుందో ఊడుతుందో ఆ ఏడు ఎవరూ చెప్పలేకపోయారు.

"కింది వాటా కాస్త రంగు వేస్తే వెయ్యీ యాభైకి పోతుంది. అందులోంచి నాలుగు వందల ఇరవై తీసెయ్యక్కా. ఎంత?"

"ఆరు వందల ముప్ఫై" అంది జినెత్.

ఆ కాగితం మీద ఫెర్నాండ్ పేరు ఎక్కడా లేదు. అంకె ఉంది.

"మరి ఆవిణ్ణి ఎలా పంపిస్తావు?" అంది జినెత్.

ఈవాన్ నా వంక చూశాడు. "అది బావకే బాగా తెలుసు. చట్టం ఆయనకి నోటికొచ్చు."

వచ్చు. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. చట్టం నాకు ఎవరూ నేర్పలేదు, బస్సు గారేజీలో భోజనాల బెంచీ మీద కూర్చుని నేనే నేర్చుకున్నాను. పాతికేళ్ళ వయసులో మా పేట చర్చి కింది గదిలో మంగళవారం మంగళవారం అద్దెదార్లకి నేర్పాను కూడా. ఇంటి యజమాని తనకి గానీ, తన పిల్లలకి గానీ, తన తల్లిదండ్రులకి గానీ కావాలంటే వాటా ఖాళీ చేయించుకోవచ్చు. ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరొస్తున్నారో పేరు రాయాలి. అలాంటి నోటీసు వస్తే ఏం చెయ్యాలో వాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి: "జవాబు రాయకండి. నోరెత్తకండి. నెల రోజులు మీరు పలక్కపోతే ఒప్పుకోనట్టే లెక్క. అప్పుడు యజమానే అద్దెల కోర్టుకి పోయి, నిజంగానే తన మనిషి వస్తోందని రుజువు చేసుకోవాలి. అబద్ధమాడేవాడు అంత దూరం రాడు."

ఆ మాట చెప్పి ఎన్ని కుటుంబాల్ని నిలబెట్టానో లెక్కలేదు. చప్పట్లు కొట్టేవాళ్ళు.

"మీ అమ్మ పేరు పెట్టు" అన్నాడు ఈవాన్. "జూలైలో నాలుగు పెట్టెలు దింపి, కర్టెన్లు కట్టు. సెప్టెంబరులో ముసలావిడకి ఒంట్లో బాగోలేదు, రాలేకపోయింది అందాం. ఎవడొచ్చి చూస్తాడు?"

"మీ అమ్మకి చెప్తావా?" అంది జినెత్.

"చూద్దాం" అన్నాను.

అదీ నేను ఇచ్చిన జవాబు. చెప్పే ఉద్దేశం లేదు.

మేం మాత్రం అయిదు వందల పదికి అద్దె ఇంట్లోనే ఉన్నాం. పదిహేడేళ్ళుగా మా ఇటాలియన్ ఇంటాయన పెద్దగా పెంచలేదు. అంత చవకైన ఇల్లు వదులుకుని సొంతింట్లోకి ఎవరు పోతారు? నేను ఇల్లు కొని అద్దెకే ఉండిపోయాను. ఆవిడ అద్దె తక్కువని ఆవిణ్ణి పంపించాను. నా అద్దె తక్కువని నేను కదల్లేదు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

*

డిసెంబరు ఇరవై తొమ్మిదిన నోటీసు పట్టుకుని వెళ్ళాను. తలుపు తీసిన మనిషి పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మెడలో గొలుసుకి కళ్ళద్దాలు వేలాడుతూ ఉంది. గొంతు మాత్రం పెద్దది. కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో మిషన్ల మోతలో ముప్ఫై ఏళ్ళు మాట్లాడిన గొంతు.

"బూట్లు ఆ చాప మీద వదలండి బెలాంజే గారూ. నేల ఇప్పుడే తుడిచా."

బూట్లు విప్పాను. ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిరుగు. ఇంటి యజమానిని, మంచునీళ్ళు కారుతున్న ప్యాంటుతో, వేలు కనబడే మేజోళ్ళతో ఆవిడ వంటింట్లో నిలబడ్డాను. కిటికీ పక్కన కుట్టుమిషను. దాని మీద ఎవరిదో పెళ్ళి గౌను. వీధిలో సగం మంది బట్టలు ఆవిడే కుట్టి సరిచేసేదట.

"ఆ మేజోడు విప్పివ్వండి, రెండు నిమిషాల్లో కుట్టి ఇస్తా" అంది.

"వద్దండీ."

"సిగ్గెందుకు? నేను చూడని వేళ్ళా."

కాగితం ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో లైనూ చదివింది. నేనే రాసిన నోటీసు. ఒక్క తప్పు లేదు. కింద మా అమ్మ పేరు, నాకేమవుతుందో, ఎప్పటికి కావాలో అన్నీ ఉన్నాయి. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, చాలాసేపు దాని మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

"రోజెమే. మా పిన్ని పేరూ అదే. ఎన్నేళ్ళు?"

"డెబ్బై ఎనిమిది."

"ఎక్కడుంటుంది?"

"జోలియెట్లో."

"మెట్లెక్కలేదా?"

"మోకాళ్ళు" అన్నాను.

మా అమ్మ మోకాళ్ళు నా మోకాళ్ళ కంటే గట్టివి.

"దీనికి నేనేం చెయ్యాలి? ఈ కాగితాలు నాకు తెలీవు. మా ఆయన ఉన్నప్పుడు ఆయనే చూసుకునేవాడు."

ఇక్కడే. ఏమీ చెయ్యకండి అనాలి. పాతికేళ్ళ కింద వందమందికి చెప్పిన మాట. అనకపోయినా సరే, ఎవరినైనా అడగండి అన్నా సరిపోయేది.

"ఒప్పుకుంటున్నానని కింద ఒక్క లైను రాసి సంతకం పెడితే చాలు" అన్నాను.

"రాయకపోతే?"

"రాస్తే నాకు తేలిగ్గా ఉంటుంది."

ఆ రోజు నా గురించి నేను ఆడిన ఒకే ఒక్క నిజం అది.

ఆవిడ నన్ను చూసింది. తర్వాత కిటికీ బయట పెరడు చూసింది. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. "తల్లి కోసమంటే ఎవరు కాదంటారు బాబూ" అని, పెళ్ళి గౌను పక్కకి జరిపి, మిషను మీదే కాగితం పెట్టి రాసింది. ఒక్కో అక్షరం కుట్టినట్టు రాసింది. నేను బూట్లు తొడుక్కుంటుంటే మీగడా పంచదారా కాచి చేసిన మిఠాయి ఒక డబ్బాలో పెట్టి తెచ్చింది.

"ఇది మీ అమ్మగారికి. మీరు తినెయ్యకండి."

ఇంటికి తీసుకెళ్ళాను. జినెత్ ఒకటి నోట్లో వేసుకుని, "ఎవరిచ్చారు?" అంది. చెప్పాను. నమలడం ఆపింది. డబ్బా మూత పెట్టి ఫ్రిజ్ మీద పెట్టింది. వారానికి గట్టిపడిపోతే పారేసింది.

*

ఆ చలికాలం ఇల్లు మమ్మల్ని తినడం మొదలుపెట్టింది. జనవరిలో మధ్య వాటా గొట్టం పగిలి పందొమ్మిది వందలు. ఫిబ్రవరిలో, ఇల్లు కొన్నవాళ్ళకి వేసే పన్ను. దాన్ని ఇక్కడ జనం స్వాగత పన్ను అంటారు. స్వాగతానికి నాలుగు వేల ఆరు వందల యాభై. మార్చిలో పైకప్పు చూడ్డానికి ఒకణ్ణి పిలిస్తే, వాడు కప్పు మీద రెండుసార్లు మడమతో తన్ని, "ఇంకో రెండు చలికాలాలు. అదీ మీ అదృష్టం బాగుంటే. పదమూడు వేల అయిదు వందలు" అన్నాడు.

"వెనక గోడ సంగతి?" అన్నాను. ఇటుకలు బయటికి ఉబ్బి ఉన్నాయి.

"దానికి నన్నడక్కండి. దానికి వేరే దేవుడున్నాడు" అన్నాడు.

"ఇది ఇల్లా, గుర్రమా? రోజూ మేస్తోంది" అంది జినెత్. ఈవాన్ వేసిన లెక్కలో మరమ్మతులకని పెట్టిన డబ్బు చూసి నవ్వొచ్చింది. అది ఒక్క చలికాలం మేజోళ్ళకి మాత్రం సరిపోతుంది.

ఒకటి ఒప్పుకోవాలి. ప్రతి బిల్లు వచ్చినప్పుడూ నాకు ఫెర్నాండ్ మీద కోపం వచ్చేది. బ్యాంకు మీద కాదు, ఈవాన్ మీద కాదు, నా మీద అసలు కాదు. నాలుగు వందల ఇరవైకి పడుకుంటున్న ముసలావిడ మీద. జీవితమంతా యజమానుల్ని తిట్టాను, వాళ్ళు ఎలా తయారవుతారో మాత్రం తెలుసుకోలేదు. నెలనెలా ఒక కవరు విప్పితే చాలు, తయారవుతారు.

ఆ ఫిబ్రవరిలోనే గారేజీలో బస్సులు కడిగే పని బయటి కంట్రాక్టరుకి ఇస్తామన్నారు. పునర్వ్యవస్థీకరణ అని పేరు పెట్టారు. మీటింగులో బల్లెక్కి మాట్లాడాను. "మనిషిని పంపించాలనుకున్నవాడికి కారణం ఎప్పుడూ దొరుకుతుంది. కారణం చూడకండి. ఖాళీ అయిన చోట ఎవడు ఎంత సంపాదిస్తాడో అది చూడండి" అన్నాను. గారేజీ రేకులు అదిరేలా అరిచారు. నీళ్ళు తాగి కిందికి దిగాను.

"ఇల్లు కొన్నావట కదా యజమానీ" అన్నాడు గాస్పార్, బ్రేకులు చూసే ముసలి మెకానిక్కు. "ఇకనుంచి నీ మీద మేం కూడా బల్లెక్కి అరవాలా?"

"ఇల్లు బ్యాంకుది. చీపురు నాది" అన్నాను.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు చాలా తేలిగ్గా వచ్చింది.

*

మార్చి ఆఖర్న ఫెర్నాండ్ ఫోను చేసి రమ్మంది. వంటింటి బల్ల మీద అద్దె ఒప్పందం ఒకటి ఉంది. ఊరికి ఉత్తరాన, మూడో అంతస్తు, ఆరు వందల తొంభై.

"రేపు సంతకం పెట్టాలి" అంది. "ఏడాది ఒప్పందం. పెడితే ఇక వెనక్కి లేదు. అందుకే పిలిచా. మీ అమ్మగారు మనసు మార్చుకోలేదు కదా?"

"లేదు."

"ముసలివాళ్ళం, మార్చుకుంటాం. అందులో తప్పు లేదు. మార్చుకుంటే ఇప్పుడే చెప్పండి. నేనేమీ అనుకోను."

ఆవిడ అడగడంలో అనుమానం లేదు. అదే కష్టం. అనుమానిస్తే ఎదురు తిరిగేవాణ్ణి. నాకు ఎదురు తిరగడం వచ్చు. గోడ మీద ఆవిడ కొడుకుదో మేనల్లుడిదో ఫోటో ఉంది. దాన్నే చూస్తూ, "మార్చుకోలేదు" అన్నాను.

"సరే అయితే." కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఇంకో మాట. స్నానాల తొట్టి పక్కన గోడకి ఇనప కమ్మీ బిగించమన్నా మా మేనల్లుణ్ణి. నాకైతే అక్కర్లేదు. మోకాళ్ళ నొప్పులామెకి లేకపోతే కష్టం. ఏ వైపు బిగించాలి? ఆవిడది కుడిచెయ్యి వాటమా, ఎడమచెయ్యా?"

యాభై ఏళ్ళు ఆ చేత్తో తిన్నాను. జ్ఞాపకం రాలేదు.

"కుడి" అన్నాను.

*

మే నెల రెండో ఆదివారం, తల్లుల రోజున, పూలు పట్టుకుని జోలియెట్ వెళ్ళాను. ముసలివాళ్ళకి ప్రభుత్వం కట్టించిన ఇళ్ళలో అమ్మకి రెండు గదులుండేవి. ఆరేళ్ళు వరుసలో ఉండి సంపాదించుకున్న గదులు. కిటికీలోంచి నది. మంగళవారాలు స్నేహితురాళ్ళు సిమోన్, జెర్మెన్, ఇంకో ఇద్దరితో పేకాట. వాళ్ళలో ఎవరు దొంగాట ఆడతారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అమ్మ పూలు తీసుకుని నీళ్ళలో పెట్టింది. కాఫీ పోసింది. ఎదురుగా కూర్చుని పేక కలపసాగింది.

"జూలై ఒకటిన నేను ఎక్కడికో వెళ్తున్నానటగా" అంది.

కప్పు కింద పెట్టాను.

"లషపెల్ గారు ఫోను చేసింది. టెలిఫోను పుస్తకంలో చూసిందట. ఇరవై నిమిషాలు మాట్లాడింది. కమ్మీ కుడివైపు పెట్టించాను, సరిపోతుందా అని అడిగింది." పేక రెండు భాగాలు చేసి మళ్ళీ కలిపింది, ఎడమ చేత్తో. "వంటింట్లో కొక్కేలు ఎంత ఎత్తులో ఉంటే నాకు అందుతాయని కూడా అడిగింది."

"ఏమన్నావు?"

"కొలిచి చెప్పాను."

"ఎందుకమ్మా?"

"మరేం చెప్పమంటావురా రెజాన్? మా వాడు దొంగ అనా?"

అమ్మ ఎప్పుడూ గొంతు పెంచదు. పేక ముక్కలు బల్ల మీద ఒక్కొక్కటీ పరుస్తోంది. నేను అప్పుడు చాలా చెప్పాను. వాయిదా, పైకప్పు, వెనక గోడ, జినెత్ నలభై ఆరు వేలు, గారేజీలో పింఛను. వింది. మధ్యలో ఒక ముక్క తప్పు చోట పడితే సర్దుకుంది.

"అయిందా?" అంది.

"వెళ్ళి నిజం చెప్పేస్తాను. ఆవిడ అక్కడే ఉండొచ్చు."

"ఆవిడ కొత్తచోట ఏడాదికి సంతకం పెట్టింది. ఆ అద్దె ఎవరు కడతారు, నువ్వు కడతావా?"

కట్టొచ్చు. ఆవిణ్ణి ఉన్నచోటే ఉండనిచ్చి, ఆ ఏడాదీ నేను కట్టొచ్చు. ఆరు వందల తొంభై, పన్నెండు నెలలు. ఎనిమిది వేల రెండు వందల ఎనభై. పైకప్పు కంటే తక్కువ. మా అమ్మ ముందు తల దించుకుని కూర్చున్న ఆ క్షణంలో కూడా నేను హెచ్చవేస్తూనే ఉన్నాను. అది పూర్తయ్యాక కూడా నోరు తెరవలేదు.

అమ్మ నా మొహం చూసింది. నేను చిన్నప్పుడు జ్వరంతో ఉంటే అలాగే చూసేది. ఈసారి నుదుటి మీద చెయ్యి వెయ్యలేదు.

"సరే. నేను వస్తాను" అంది.

"నువ్వు రానక్కర్లేదమ్మా, ఎవరూ చూడరు."

"ఎవరూ చూడరనా నీకు నేను నేర్పింది?"

"ఈ గదులు వదిలితే మళ్ళీ రావు."

"నాకు తెలీదా? ఆరేళ్ళు వరుసలో నిలబడింది నేనా, నువ్వా?" పేక ఒక్కచోటికి లాగి, అంచులు సమంగా తట్టింది. "ఒకటి విను. ఆవిడకి ఏమీ చెప్పకు. ఎప్పుడూ చెప్పకు. ఒక ముసలిదానికి ఇల్లిచ్చి పోతున్నాననుకుంటోంది. ఆ ఒక్క నమ్మకమైనా ఉండనీ. అది కూడా నువ్వే లాక్కోకు."

కాఫీ తాగి వచ్చేశాను. తిరుగు దారిలో బండి ఆపి, రోడ్డు పక్కన ఒక పొలం గట్టు మీద కూర్చున్నాను. ఏడవలేదు. ఏడిస్తే నా మీద నాకు జాలి వేసేది. ఆ సుఖం నాకు దక్కకూడదని మాత్రం తోచింది.

*

జూలై ఒకటిన మా ఊరు ఊరంతా ఇళ్ళు మారుతుంది. ఒప్పందాలన్నీ ముందు రోజుకే అయిపోతాయి మరి. ఆ రోజు విలెరేలో ప్రతి మెట్ల మీదా పరుపులు, ప్రతి చెట్టు కిందా ఫ్రిజ్‌లు. పోయేవాళ్ళ సామాను దిగకుండానే వచ్చేవాళ్ళ లారీ వీధి చివర హారను కొడుతుంటుంది. ఎండ మండిపోతోంది.

ఫెర్నాండ్ సామాను పదింటికల్లా లారీ ఎక్కింది. కుట్టుమిషను మాత్రం తన కళ్ళ ముందే, దుప్పట్లో చుట్టించి, చంటిపిల్లని అప్పగించినట్టు అప్పగించింది. అమ్మ పదకొండింటికి వచ్చింది. రెండు పెట్టెలు, ఒక కుర్చీ, ఒక మంచం. జినెత్ బండిలోంచి దిగి నా పక్కన నిలబడింది. ఈవాన్ రాలేదు.

ఇద్దరు ముసలివాళ్ళూ మెట్ల దగ్గర చెంపలు తాకించుకున్నారు. ఫోన్లో పరిచయం ఉన్నవాళ్ళలా వెంటనే లోపలికి పోయారు. నేను గుమ్మంలో పెట్టె మోసుకుంటూ విన్నాను.

"ఈ పొయ్యి ఎడమ వైపుది సరిగా వెలగదు, కాస్త నొక్కి తిప్పాలి. పెరట్లో కొత్తిమీర వేశా, కోసుకోండి. పక్కింటి గోమెజ్ గారు ఆదివారాలు సంగీతం పెడతాడు, మంచివాడే, గోడ మీద ఒక్కసారి తడితే తగ్గిస్తాడు. రెండుసార్లు తట్టకండి, బాధపడతాడు."

"ఒక్కసారే తడతాను" అంది అమ్మ.

"ఇదిగో మీ కమ్మీ."

"బాగుంది" అంది అమ్మ. తర్వాత ఆ కుడివైపు కమ్మీని ఎడమ చేత్తో పట్టుకోడానికి నడుము తిప్పి చూపించింది. "చాలా బాగుంది. సరిగ్గా సరిపోయింది."

ఫెర్నాండ్ బయటికి వచ్చింది. తాళాలు నా చేతికి ఇస్తుందనుకుని చెయ్యి చాపాను. ఆవిడ నన్ను దాటి వెనక్కి తిరిగి, అమ్మ చేతిలో పెట్టింది. వీధిలో ఆవిణ్ణి సాగనంపడానికి ఏడెనిమిది మంది చేరారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బట్టలు కుట్టించుకున్నవాళ్ళు. వాళ్ళు నన్ను కొరకొరా చూస్తున్నారు. వాళ్ళకి లెక్కలు రాకపోవు.

ఫెర్నాండ్ వాళ్ళ వైపు తిరిగి, ఆ ఫ్యాక్టరీ గొంతుతో అంది: "ఏంటా చూపులు? తల్లి కోసం ఇల్లు కొన్న కొడుకు. మీ పిల్లల్లో ఒక్కడు చేస్తాడా ఈ పని? మాట్లాడరేం?"

అమ్మ గుమ్మంలో నిలబడి తాళాలు గుప్పిట్లో పట్టుకుని నేల చూస్తోంది. ఫెర్నాండ్ నా భుజం తట్టి, లారీలో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది.

లారీ మలుపు తిరిగాక అమ్మ నన్ను లోపలికి పిలిచింది. బల్ల మీద అద్దె ఒప్పందం ఫారం పెట్టి ఉంది. ఇక్కడ అవి మందుల షాపుల్లో అమ్ముతారు, తనే కొనుక్కుందట.

"రాయి" అంది.

"అమ్మా, నీకు ఒప్పందమేంటి?"

"అద్దెకి వచ్చినదాన్ని. రాయి. కిందటి ఏడాది ఇక్కడున్నవాళ్ళు ఎంత కట్టారో రాసే గడి ఒకటుంది. నువ్వేగా అందరికీ చెప్పేవాడివి, ఆ గడి ఖాళీగా వదలనివ్వకండని."

నాలుగు వందల ఇరవై అని రాశాను.

"నేనూ అంతే కడతాను."

సంతకం పెట్టింది. నేను పెట్టాను. జినెత్ సాక్షిగా పెట్టింది. నెలనెలా ఆ ఆరు వందల ముప్ఫై లోటు ఎక్కడికీ పోలేదు. ఆ నెల నుంచే శనివారాలు కూడా గారేజీలో పని అడిగి తీసుకున్నాను.

ఆగస్టు ఒకటిన అద్దె తీసుకోడానికి వెళ్ళాను. తొందరేం లేదమ్మా, తర్వాత ఇద్దువులే అంటే, వద్దు, వచ్చి తీసుకో, రసీదు పుస్తకం మర్చిపోకు అని ఫోన్లో చెప్పింది. పొద్దున పదైంది. ఎండకి వీధి తలుపు తీసే ఉంది, దోమల జాలీ మాత్రం వేసి ఉంది. జాలీ అవతల వసారాలో అమ్మ ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు మంగళవారం కాదు గానీ, అవతల ఉన్నది సిమోనే అని గొంతు మార్పుని బట్టి తెలిసింది. నన్ను చూడలేదు.

"లేదు లేదు, బాగానే ఉన్నాను" అంటోంది. "నేనొద్దనే అన్నానే. వాడే వినలేదు. ఒంటరిగా ఉండటం వాడికి ఇష్టం లేదట. పట్టుబట్టి తీసుకొచ్చాడు."

అవతల సిమోన్ ఏదో అంది.

"అవును" అంది అమ్మ. "అలాంటి కొడుకు ఉండటం అదృష్టమే."

మా అమ్మకి అబద్ధం ఆడటం రాదు. పేకలో కూడా రాదు, అందుకే ఎప్పుడూ ఓడిపోయేది. డెబ్బై ఎనిమిదో ఏట నేర్చుకుంటోంది. తర్వాతి వాక్యం మధ్యలో ఒకసారి ఆగి, సరిచేసుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. నేను రసీదు పుస్తకం పట్టుకుని, జాలీ ఇవతల, ఆమె పూర్తి చేసేదాకా మెట్టు మీద నిలబడ్డాను.